గుమ్మం దాటిన మే పూలు

(ష్రాప్‌షైర్‌లో ఒక పల్లె. మే నెల మొదటి శనివారం పొద్దున. ముందుగదిలో అత్త మ్యూరియల్, కోడలు టామ్సిన్.)

"తీసెయ్."

"ఏది తియ్యాలి అత్తయ్యా? మళ్ళీ కుర్చీలా? మీరు చెప్పినచోటే పెట్టానుగా."

"కుర్చీలు కాదు. ఆ తెల్లపూల కొమ్మలు. కిటికీకి కట్టినవి, చలిమంట పొయ్యి గట్టు మీద పెట్టినవి, అన్నీ. ఇప్పుడే బయట పారెయ్."

"మన కంచెలో పూసిన మే పూలేగా. ముళ్ళు గుచ్చుకుంటున్నా రెండు గంటలు కోశాను. చేతులు చూడండి."

"ఎవరు కొయ్యమన్నారు?"

"రేపు ఊరంతా ఇల్లు చూడ్డానికి వస్తోంది. వసంతానికి తలుపులు తెరిచే ఇళ్ళల్లో ఈ ఏడు మనదీ ఉండనీ అన్నది మీరే."

"అన్నాను. కిటికీలు తుడిచి, జాడీలో నాలుగు ట్యూలిప్‌లు పెడతావనుకున్నాను. సర్కస్ డేరా వేస్తావనుకోలేదు."

"సర్కస్ కాదు. పిల్లల పుస్తకంలో ఉడతల ఇల్లు. ఆకుపచ్చ తెరలు, గళ్ళ దుప్పటి, పుట్టగొడుగుల్లాంటి పీటలు, అన్నీ బొమ్మలో ఉన్నట్టే కుట్టాను. నెల పట్టింది. మూడేళ్ళలో ఈ ఇంట్లో నా చేత్తో చేసింది ఇదొక్కటి. దీన్ని కూడా..."

"తెరలు ఉంచుకో. పీటలు ఉంచుకో. కావాలంటే నువ్వూ ఓ తోక కుట్టుకుని తిరుగు. పూలు మాత్రం బయటికి."

"ఎందుకని అడిగితే చెప్పరు."

"ఈ ఊళ్ళో ఏ గుమ్మంలోనైనా అడుగు. మే పూలు లోపలికొస్తే ఆ ఇంట్లో తల్లి పోతుంది. లండన్‌లో మీకు చెప్పేవాళ్ళు లేరు కాబోలు."

"లండన్‌లో మాకు వేరే పన్లుంటాయి. ఇలాంటివి నమ్ముతూ కూచోం."

"ఏం పన్లో. ఉడతలకి తెరలు కుట్టడమా?"

"అయినా ఈ ఇంట్లో తల్లంటే మీరొక్కరేగా. అదీ సంగతి. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా ప్రాణమంటే ఎంత తీపి."

"నోరు అదుపులో పెట్టుకో."

"మూడేళ్ళుగా పెట్టుకునే ఉన్నాను. ఉప్పు ఎక్కడుండాలో మీరే చెప్పాలి. తువ్వాలు ఎటు మడవాలో మీరే చెప్పాలి. నెవిల్‌తో మొరపెట్టుకుంటే, అమ్మ మాట వినేస్తే పోలా, అంటాడు మీ అబ్బాయి. ఈసారి వినను. పూలు అక్కడే ఉంటాయి."

"అయితే నేనే తీస్తాను. తప్పుకో."

"కుర్చీ ఎక్కకండి. అత్తయ్యా, ఊగుతోంది, దిగండి. పడ్డారంటే పూలే చంపాయంటారు."

"చెయ్యి వదులు. కంపు తెలీడం లేదూ నీకు? శవం కంపు."

"పచ్చివాసన. కిటికీ తెరిస్తే పోతుంది."

"పోదు. నాలుగు రోజులు తెరిచిపెట్టినా పోలేదు."

"ఎప్పుడు?"

"ఏ పుస్తకం అన్నావ్?"

"అదిగో, మాట మారుస్తున్నారు."

"ఏ పుస్తకం, టామ్సిన్?"

"పైగదిలో పాత దుప్పట్ల కింద ఉంది. మీదే. 'మ్యూరియల్‌కి, ఆరేళ్ళు నిండినందుకు, అమ్మ' అని రాసుంది. అడిగితే వద్దంటారని అడగలేదు."

"అందులో ఈ బొమ్మ లేదు."

"ఉంది. రెండు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. కెటిల్ ఆవిరి పట్టించి విడదీశాను. ఇంత ముక్క కూడా చిరగలేదు. పుస్తకం మొత్తంలో మంచి బొమ్మ అదే, అలాంటిది..."

"అంటుకుపోలేదు. నేనే అంటించాను. గోధుమపిండి జిగురుతో."

"ఎందుకు?"

"చూశావుగా. ఏముంది ఆ బొమ్మలో?"

"తల్లి ఉడతకి జ్వరం. మంచంలో ఉంది. పిల్లలు మంచం చుట్టూ మే పూలు కడతారు."

"గీసినాయన కూడా మీ పట్నంవాడే అయ్యుంటాడు. ఆయనకి తెలీదు. ఆరేళ్ళదాన్ని, నాకూ తెలీదు. మా అమ్మ జబ్బుపడి ఈ గదిలోనే పడుకునేది. నువ్వు నిలబడ్డావే, అక్కడ మంచం."

"అత్తయ్యా..."

"నాన్న చేలోకి వెళ్ళాక కోసుకొచ్చాను. తలగడ పైన కడ్డీకి కట్టాను. అమ్మ చూసింది. ఈ ఊళ్ళో పుట్టిపెరిగిన మనిషి, తెలీకుండా ఉంటుందా? అయినా తీసెయ్యమనలేదు. ఎంత బాగుందే తల్లీ, అంది."

"నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఇప్పుడే తీసేస్తాను, మీరు ముందు కూచోండి."

"దాని పక్క పేజీ చూశావా?"

"చూశాను."

"ఏముంది?"

"తెల్లారేసరికి తల్లి ఉడత లేచి కూచుంటుంది. టీ తాగుతుంది."

"తెల్లారి నేనూ టీ తెచ్చాను. చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని నిలబడ్డాను."