చర్చి భోజనంలో కోడికూర

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని మామగారు కోడలి పాదాలు నిమురుతున్నాడు. ఆ పాదాల్లో చలనం లేదు.

“తెలుస్తోందా తల్లీ?”

“కొంచెం, మామయ్యా. నడుస్తానన్నాడా డాక్టరు?”

“చాలామంది నడుస్తారన్నాడు. నెలలు పడుతుందంట. మొన్నామధ్య విరేచనాలు పట్టుకున్నాయి చూడు, ఆ క్రిమిని చంపబోయి ఒళ్లు తన నరాల మీదే పడిందంట. ఉడకని కోడి తిన్నదా అనడిగాడు.”

“మీరేమన్నారు?”

“నోయిడా చర్చిలో వండింది నేనేనన్నాను. ఆరాధన అయిపోయి జనం బంతికి కూర్చున్నారని డేగిసా తొందరగా దించేశాను.”

“అదే కారణమన్నాడా?”

“అయ్యుండొచ్చన్నాడు. నాకది చాలు. మరి పిల్లలకేం కాలేదేం?”

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

“వాళ్ల కంచాల్లో ముక్కలు నేనే తీసుకున్నాను. ఎముక దగ్గర పచ్చి నెత్తురు కనిపించింది.”

“చూసి కూడా తిన్నావా? పారేయకపోయావా?”

“మీరు గరిటె పట్టుకుని ఎదురుగానే నిలబడ్డారు. అందరి ముందూ, కూరెలా ఉందమ్మా అనడిగారు.”

అతని చెయ్యి పాదం మీదే ఆగిపోయింది. ఆవేళ ఆమె ఏం చెప్పిందో అతనికి బాగా గుర్తుంది. బాగుందంది. ఆ మాటకు పొంగిపోయి ఇంకో గరిటె వేశాడు.