ఎవరూ అడగని కేకు

మీరట్లా నా మొహం చూడకుండా చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంటే నేనెట్లా చెప్పేదండీ, మిస్ ఎర్లీన్? ఆ కేకు మోసుకొచ్చింది నేనే. అది మీకూ తెలుసు.

మీ లాయరమ్మ పొద్దున్నించీ నా బుర్ర తినేసింది. వయసు చూసి మనిషిని పన్లోంచి తీసెయ్యకూడదంట. పందొమ్మిదొందల అరవై ఏడులో వాషింగ్టన్‌లో చేశారంట ఆ చట్టం. దాని పేరు రైలుబండంత ఉంది. రెండుసార్లు చెప్పించుకున్నా, నోరు తిరగలా.

నలభై దాటినోళ్ళకంట. ఎర్లీన్ గారికి అరవై దాటాయిగా, ఇంకేం అన్నా. అంత తేలిక్కాదు నాయనా అంది. మీ చోట్లో కుర్రాణ్ణెవరినైనా పెట్టారా అని అడిగింది. నన్నే పెట్టారండీ అన్నా. రాసుకుంటున్నదల్లా ఆగి నా మొహం చూసింది.

ఏం చెయ్యను, తల దించుకున్నా. మన లాండ్రీకొచ్చే హాస్పిటల్ దుప్పట్లు ముడత పడకుండా ఆ పెద్ద ఇస్త్రీ మిషన్లోకి ఎట్లా పంపాలో నాకు నేర్పింది మీరేగా. ఎందుకు నేర్పమన్నారో మీకు తెలీదు. నాకూ తెలీదు.

ఇప్పుడు మన లాండ్రీ వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? మిమ్మల్నెవరూ తియ్యలేదంట. మీరే రిటైరయ్యారంట. ఫొటో కూడా చూపించారు. మీరు కేకు కోస్తున్నారు, నవ్వుతున్నారు.

నవ్వక ఏం చేస్తారు? చేతికి కత్తిచ్చి అందరూ చప్పట్లు కొడుతుంటే, మీలాంటి మనిషి మొహం మాడ్చుకుని నించుంటుందా? పైగా క్రీము ఎక్కువున్న మూలముక్క నాకే ఇచ్చారు.

కానీ నేను కేకు తెచ్చింది పొద్దున్నే కదండీ. "డిక్కీలోనే ఉంచరా టెర్రెల్, ఆవిడకింకా చెప్పలేదు" అన్నాడు మేనేజరు ప్రూయిట్. ఇంక పన్లోకి రావద్దని మీకు చెప్పిందేమో మధ్యాహ్నం. ఈ మాట వినంగానే లాయరమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. ఇదేనయ్యా నాక్కావల్సింది, ప్రమాణం చేసి చెప్తావా అంది.

చెప్తానన్నా. ఇంట్లో అమ్మకింకా చెప్పలా. మా ఇంట్లో పన్లోకెళ్ళేది నేనొక్కణ్ణేగా.

సాక్ష్యం చెప్పినోణ్ణి కూడా ఏం చెయ్యకూడదని ఆ చట్టంలోనే ఉందంట. తలూపాను. మిమ్మల్ని ఏం చెయ్యకూడదని కూడా అందులోనే కదండీ ఉంది.

పోన్లెండి. రేపెళ్ళి చెప్పేస్తా. ఆ గిన్నె ఇటు జరపండి, కాసిని నేనూ ఒలుస్తా.

నన్ను పంపేసేటప్పుడు మాత్రం కేకు తేరులెండి.