ఉలకని పలకని బటన్

నర్సుల గదిలో పెద్ద నర్సు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆసుపత్రికి డ్యూటీ చార్టు వెబ్ పేజీ తయారుచేసిన ఆమె మరిది, తప్పు తనది కాదని తేల్చడానికే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం చేశావో చేసి చూపించు వదినా."

"ఇదిగో, డౌన్‌లోడ్ నొక్కాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ."

"మొదటిసారికే ఎక్సెల్ ఫైలు దిగిపోయింది. చూడు, ఫోల్డరు నిండా అవే కాపీలు. నువ్వు దేన్లో దిద్దావు?"

"ఏదో ఒకదాన్లో. గోడకి అంటించింది మాత్రం దిద్దనిది. కూతురి కాన్పుకని మా నర్సు ఒకావిడ సెలవడిగితే ఇచ్చాను. చార్టులో తన పేరు చూసుకుని, పాపం, నోరెత్తకుండా డ్యూటీకొచ్చింది. అక్కడ ఆ పిల్ల తల్లి పక్కన లేకుండానే కనింది."

మరిది తనే ఒకసారి నొక్కి చూశాడు.

"బటన్ పని చేస్తూనే ఉంది కదా వదినా."

"చేస్తోంది. చేశానని చెప్పదే! మొన్న నువ్వూ అంతే. ఊరు చేరి హాయిగా పడుకున్నావు. ఇక్కడ మీ ఆవిడ ఫోను మీద ఫోను."

"క్షేమంగానే చేరాను కదా!"

"ఆ సంగతి నీ ఒక్కడికే తెలుసు."

అతను కుర్చీ లాక్కున్నాడు.

"జరుగు వదినా. ఏమని రాయమంటావు?"

"ఫైలు వచ్చేసింది, ఇక నొక్కకండి అని రాయి. ముందు మీ ఆవిడకి ఫోన్ చేసి, ఇక్కడికి చేరానని చెప్పు."