పిడుగుకి తగ్గలేదు

పశువుల ఆసుపత్రిలో తలుపు వేసి ఉన్న గది. ఎత్తుబల్ల మీద పిడుగు అనే కుక్క. ఒక పక్క డాక్టరమ్మ, ఇంకో పక్క కుక్కని తెచ్చిన ఇల్లాలు. ఆమె భర్త బయట కారులో కూర్చున్నాడు.

"తగ్గలేదండీ. ఏం తగ్గలేదు. నిన్న కూడా నీళ్ళలాగే."

"ఎన్నిసార్లు?"

"చాలాసార్లు."

"చాలాసార్లంటే?"

"లెక్కపెట్టలేదండీ. పొద్దున వెళ్ళాడు, తర్వాత మళ్ళీ, మళ్ళీ సాయంత్రం. ఇల్లంతా ఒకటే వాసన."

"వాంతి?"

"అది... అది కూడా. కొంచెం."

"తిండి?"

"ముట్టట్లేదు."

"ముట్టకుండానే ఇంత బరువు పెరిగాడా?"

"బరువా?"

"ఇప్పుడు కాటా మీద నిలబెట్టింది నువ్వేగా. చూడలేదూ? మొదటిసారి తెచ్చినప్పుడు గుమ్మంలోంచే వీడి పక్కటెముకలు కనిపించేవి. ఇప్పుడు వేళ్ళతో వెతుక్కోవాల్సొస్తోంది. ఇదిగో, చెయ్యి పెట్టు."

"నీరు పట్టిందేమోనండీ. ఆ మాత్రలకి ఒళ్ళు ఉబ్బుతుందని మీరే అన్నారు."

"ఉబ్బినవాడు తోక ఇలా ఊపడు. ఆగరా, ఆగరా పిడుగూ, కళ్ళజోడు నాకకు. అరుగుదల పొడి వేస్తున్నావా?"

"వేస్తున్నానండీ."

"నిజం చెప్పు. వీడి కడుపులో ఊరాల్సిన రసం ఊరట్లేదు, తిన్నది తిన్నట్టే బయటికి పోతోంది, ఆ రసానికి బదులే ఈ పొడి అని చెప్పానా లేదా? ఒక్క పూట మానేసినా మొదటికొస్తుంది."

"మానలేదండీ. వీడి మీద ఒట్టు. తిండిలో కలిపి, కాసేపు నాననిచ్చి, అప్పుడే పెడుతున్నాను. నానకుండా పెడితే నోరు పూస్తుందన్నారుగా."

"పేగుల వాపుకిచ్చిన మాత్ర?"

"సగం. రోజు విడిచి రోజు. ఒక్కసారిగా ఆపకూడదన్నారని ఆపలేదు. ఆ పెరుగులో ఉండేలాంటి మంచి క్రిముల పొట్లాలు కూడా. వేడి తిండిలో వేస్తే చచ్చిపోతాయని, చల్లారాక."

"మాంసం?"

"ఒక్క చేపే. ఇంకేదీ నాకనివ్వలేదు. బిస్కెట్టు ముక్క కింద పడితే వీడికన్నా ముందు నేనే తీసి నోట్లో వేసుకుంటున్నాను."

"ఇన్ని ఇంత పద్ధతిగా చేస్తున్నదానివి, తగ్గలేదంటావేంటమ్మాయ్?"

"తగ్గలేదు కాబట్టి."

"సరే. తెమ్మన్నది తెచ్చావా?"

"తెచ్చానండీ. ఇదిగో, డబ్బాలో."

"మూత తియ్యి. ఊఁ. ఇటు వంచు. ఇంకొంచెం. ఎప్పటిది ఇది?"

"పొద్దుటిదే."

"ఎవరు పట్టారు?"

"నేనేనండీ. ఇంకెవరు పడతారు?"

"అమ్మాయ్, ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది. వీటిని చూసినంతగా మా ఆయన ముఖం కూడా చూసుండను. ఇది విరేచనం కాదు."

"కాకపోతే ఏంటండీ?"

"నిక్షేపంగా గట్టిగా ఉన్నదాన్ని తెచ్చి నీళ్ళు పోసి కలిపారు. కలపడం కూడా సరిగ్గా కలపలేదు. ఉండ ఉండలాగే అడుగున కూర్చుంది."

"లేదండీ."

"చెంచాతో కలిపావా, పుల్లతోనా?"

"లేదండీ, నేను..."

"చెంచాతోనా, పుల్లతోనా?"

"పుల్లతో."

"అదీ సంగతి."

"గట్టిగా అనకండి."

"ఎవరు వింటారిక్కడ? పిడుగా?"

"ఆయన బయట ఉన్నారు."

"కారులోగా ఉన్నాడు, అద్దాలెత్తుకుని."

"అయినా సరే. గట్టిగా అనకండి."

"సరే, అనను. బలం సూది ఇక నెలకోసారి చాలని నేనెప్పుడో చెప్పాను. వారం వారం కావాలని పట్టుబట్టింది నువ్వు. పాపం భయపడుతోంది, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు ఈ డబ్బా. ఏంటమ్మా ఇదంతా? కుక్క బాగుపడితే నీకేం కష్టం?"

"ఏం లేదండీ."

"ఏం లేకుండానే కూర్చుని ఇది కలిపావా?"

"చేతులు కడుక్కున్నానండీ."

"నేనడిగింది అది కాదు."

"ఆయనకి ఈ వాసన పడదండీ."

"ఏ వాసన?"

"ఇక్కడి వాసన. వీడి వాసన. కడుపు తిప్పేస్తుందట, అందుకే లోపలికి రారు. ఇంకెక్కడికైనా వస్తారు. కూరగాయల కొట్టుకొస్తారు. దర్జీ కొలతలు తీసుకుంటుంటే పక్కనే నిలబడతారు. పళ్ళ డాక్టరు దగ్గర కూడా కుర్చీకి ఆనుకుని నిలబడ్డారు. నోరు తెరువు అని డాక్టరుకన్నా ముందు ఈయనే అన్నారు."

"మరి ఇక్కడ..."

"ఇక్కడొక్కచోటే రారు."

"ఇంట్లో?"

"ఇంట్లో ఏముందండీ. తాళం ఆయన దగ్గరుంటుంది."

"నువ్వు లోపలుండగా?"

"దొంగల భయమంటారు. ఆయనేం కొట్టే మనిషి కాదండీ. ఒక్క దెబ్బ వేయలేదు ఎప్పుడూ. అలా అనుకోకండి."

"నేనేం అనుకోలేదు. ఫోను?"

"నీకెందుకంటారు. నీకెవరు చేస్తారంటారు. అదీ నిజమే, ఎవరూ చేయరు."

"మా ముందుగదిలో ఫోను వాడుకుంటున్నావట. కాంపౌండరు చెప్పాడు."

"ఆయనకి చెప్పాడా?"

"నాకు చెప్పాడమ్మా, నాకు. వాడుకో. ఎవరికి చేస్తున్నావ్?"

"అక్కకి. ఎక్కువసేపు కాదండీ. అక్క గొంతు వినబడగానే పెట్టేయాలనిపిస్తుంది, ఏడుపొచ్చేస్తుందని. కానీ పెట్టను."

"అందుకా ఈ డబ్బా?"

"తగ్గిపోయిందంటే ఇక రానివ్వరండీ. నెలకోసారంటే ఆ నెలంతా... మీకెలా చెప్పను? వీడికి నిజంగా జబ్బు చేసినప్పుడు నేను రాత్రింబగళ్ళు ఏడ్చాను. వీడు చచ్చిపోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడే ప్రాణి లేదు. తగ్గాలని మొక్కని దేవుడు లేడు. తగ్గింది. తగ్గాక ఒకరోజు పొద్దున చూస్తే చక్కగా, గట్టిగా వెళ్ళాడండీ. సంతోషించాలిగా? నేనెళ్ళి పుల్ల వెతుక్కున్నాను."

"ఊఁ."

"తిట్టండి. ఫరవాలేదు."

"తిట్టనులే. కానీ రోగం లేనివాడికి వారం వారం సూది పొడవలేను. బాగుందనే రాస్తాను."

"రాయండి. బాగుందనే రాయండి. ఇవాళ అలాగే రాయాలి."

"ఇప్పటిదాకా తగ్గలేదని ప్రాణం తీశావు!"

"లోపలికి రాగానే అదే నోటికొచ్చేసిందండీ. ఇన్నాళ్ళూ అదే అలవాటైపోయింది. కారులో ఆయన చెప్పింది ఇప్పుడే పూర్తిగా నా బుర్రకెక్కింది."

"ఏం చెప్పాడు?"

"ఇదే ఆఖరన్నారు. తగ్గకపోతే ఇవాళే పెద్ద సూది వేయించేద్దామన్నారు."

"పెద్ద సూదంటే... చంపేయమనా?"

"ముక్కుకి గుడ్డ కట్టుకునైనా లోపలికొచ్చి దగ్గరుండి వేయిస్తానన్నారు. అంతా నా నోటి వల్లే. తగ్గలేదు తగ్గలేదని రోజూ నేనే చెప్పాను. ఆయన నమ్మారు. నేనేదైనా చెప్తే ఆయన నమ్మింది అదొక్కటే."

"నేను చంపను. ఆరోగ్యంగా ఉన్న కుక్కని ఎవడొచ్చి చెప్పినా చంపను."

"మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారండీ. బాగుందంటే నాకు గుమ్మం దాటే దారి లేదు. బాలేదంటే వీడు లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి తవ్వింది నేనే."

"మీ అక్క ఏమంటుంది?"

"రమ్మంటుంది."

"ఎప్పటినుంచి?"

"ఎప్పుడు చేసినా అదే మాట. గది ఉందే, కుట్టుపని ఉందే, నువ్వు బస్సెక్కితే చాలు, మిగతాది నేను చూసుకుంటానంటుంది."

"మరి?"

"వీడికి ఒంట్లో బాలేదని చెప్పాను."

"అక్కకి కూడానా!"

"బస్సులో ఎలా తీసుకొచ్చేదే, దారంతా పాడు చేస్తాడు, నీళ్ళు మారితే పోతాడు, వదిలేసి వస్తే ఆయన మందులేయరు అని. తగ్గాక వస్తాను, తగ్గాక వస్తాననే చెప్తూ వచ్చాను."

"నమ్మిందా?"

"నమ్మింది."

"నువ్వు?"

"నేనూ నమ్మానండీ. సగం. పుల్లతో కలుపుతున్నప్పుడు కూడా, నిజంగానే తగ్గలేదేమో అనిపించేది."

"భయమా?"

"ఆయనొచ్చి తాళం తీసేదాకా కూర్చునే అలవాటండీ నాకు. తెరిచి బయటికి పోయే అలవాటు లేదు."

"వీడిని కాస్త ఇటు తిప్పు, పొట్ట చూస్తాను."

"ఒకటడగనా? వీడు నిజంగా బస్సులో రాగలడా?"

"ఎంత దూరమైనా రాగలడు. ముందు పూట తిండి తేలిగ్గా పెట్టు. పొడి సంచిలో ఉండాలి, మాత్ర ఆపకూడదు, తాగే నీళ్ళు సీసాలో పట్టుకో. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు. పోనక్కర్లేదు కూడా. ఇలాగే చూసుకుంటే ముసలాడయ్యేదాకా బతుకుతాడు. నెలకోసారి సూది ఏ ఊళ్ళో అయినా వేస్తారు. చీటీ రాసిస్తాను."

"మరి నేను?"

"నీ సంగతి నాకు తెలీదమ్మా. నేను కుక్కల డాక్టర్ని."

"నవ్వించకండి. ఏడుపొస్తోంది."

"కళ్ళు తుడుచుకో. కారు తలుపు చప్పుడైనట్టుంది."

"వచ్చేశారు."

"తుడుచుకో ముందు."

తలుపు కొట్టకుండానే తెరుచుకుంది. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని భర్త లోపలికి వచ్చాడు.

"ఏమోయ్, ఎంతసేపు? నమస్తే మేడం. అబ్బబ్బ, ఏం వాసనండీ, ఎలా ఉంటున్నారిందులో? తను చెప్పిందా?"

"చెప్పింది."

"తనకి చెప్పడం రాదు లెండి. సగం మింగేస్తుంది. నేను చెప్తాను. ఎన్నాళ్ళని చూస్తాం? సోఫాలు పాడయ్యాయి, ఇంటికెవర్నీ పిలవలేకపోతున్నాం. తనైతే వారం వారం దీన్ని మోసుకుని తిరగడమే పని. పైకి చెప్పదు గానీ తనకీ విసుగొచ్చేసింది. ఏమోయ్, అంతేగా? ఆఁ, అంతే. దానికీ నరకం, మాకూ నరకం. ఒక్క సూదితో ప్రశాంతంగా పోయేట్టు చేసేయండి."

"ఏమ్మా, ఎలా ఉంది వీడికి?"

"అదే చెప్తున్నాను కదా మేడం, రోజూ..."

"ఆమెని అడిగానండీ."

"తనకేం తెలుసు? నేనే..."

"ఆమెని అడిగాను. ఏమ్మా?"

"తగ్గింది."

"తగ్గిందా? తగ్గిందేంటి? పొద్దునేగా తగ్గలేదని ఏడ్చావు?"

"అబద్ధం చెప్పానండీ. తగ్గి చాలా రోజులైంది."

"విన్నారా మేడం? ఇదీ వరస. అందుకే నేను అంతా దగ్గరుండి చూసుకోవాల్సొస్తోంది. ఎందుకు చెప్పావ్? ఎందుకని అడుగుతున్నాను."

"ఇక్కడికి రావాలని."

"ఇక్కడికా? ఈ కంపులోకా? తలా తోకా ఉందా ఆ మాటకి? సరే, ఇంటికెళ్ళాక మాట్లాడదాం. మేడం, తగ్గిందంటే ఇక రానక్కర్లేదుగా?"

"తగ్గింది కానీ మందులు బతికున్నన్నాళ్ళూ వాడాలి. పొడి ప్రతి పూటా వేయాలి. తిండి విడిగా వండాలి. నెలకోసారి సూది."

"బతికున్నన్నాళ్ళూనా? నా వల్ల కాదు. తగ్గినా అదే, తగ్గకపోయినా అదే అయితే ఇంకెందుకండీ ఇది? మీరు చంపరా?"

"చంపను."

"అయితే ఎవరికైనా ఇచ్చేయండి. మంచి జాతి కుక్క. ఊరికే ఇస్తున్నాను."

"మందు ఒక్క పూట కూడా మానకుండా వేసేవాళ్ళు కావాలి."

"ఎవరో ఒకరు దొరక్కపోతారా? మీకు వందమంది తెలిసుంటారు. ఇక మా ఇంట్లోకి మాత్రం ఇది రాదు. ఇవాళే తేల్చేయండి."

"ఎవరైనా ఫరవాలేదా?"

"ఎవరైనా సరే. పద ఇక. ఆ తాడు వదిలేయ్. వదిలేయమంటున్నానా! ఇంకా అలా పట్టుకుని నిలబడ్డావేంటి?"

"నాకివ్వండి."

"ఏంటి?"

"ఎవరైనా సరే అన్నారుగా. పిడుగుని నాకిచ్చేయండి."

"నీకివ్వడమేంటి, పిచ్చిదానా? నీకిస్తే మళ్ళీ మనింటికేగా వచ్చేది?"

"రాడండీ. నేనూ రాను."