కేబులాయన డాబా మీద డిష్

పేటంతటికీ కేబుల్ ఇచ్చే ఆయన, ఆ సాయంత్రం సొంత డాబా ఎక్కేసరికి పరాయి కంపెనీ డిష్ ఒకటి దర్జాగా ఆకాశం కేసి చూస్తోంది. పక్కనే భార్య ఆరిన బట్టలు తీస్తోంది.

“ఏమిటే ఇది?”

“కనబడటం లేదూ? డిష్.”

“కేబులాయన ఇంటి మీదే డిష్షా? నా పరువేం కావాలి?”

“మన టీవీలో బొమ్మ మీద చీమలు పాకుతున్నాయని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? ‘రేపు చూస్తాలే’ అన్నారు.”

“జనం ఫోన్లు ఆపితేగా!”

“ఇదివరకు పేటకి ఒక్కరికే లైసెన్సు కాబట్టి మీరే దిక్కు. ఇప్పుడు ఎవరికి నచ్చినది వాళ్లు పెట్టించుకోవచ్చని సర్కారే చెప్పింది.”

“నా పొట్ట కొట్టడానికే పెట్టారు ఆ రూలు.”

“అబ్బో! ఆ రూలు వచ్చాకే కదా, ఎదురింటావిడ ఫోన్ చేస్తే నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తుతున్నారు? అంతకుముందు వారాల తరబడి తిప్పేవారు.”

“ఆవిడ కూడా డిష్ పెట్టించేస్తే?”

“మరి నేనెక్కడికి పోతాననేగా మీ ధీమా?”

ఆయన కాసేపు డిష్ చుట్టూ తిరిగాడు.

“పోనీ, నువ్వు మళ్లీ కేబుల్‌కి రావాలంటే ఏం చెయ్యాలి?”

“కొత్త కస్టమర్లని ఎలా అడుగుతారో అలా అడగండి.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “నమస్కారమండీ. మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటారు?”

“రోజూ, చీకటి పడకముందే,” అంటూ ఆవిడ బట్టల దొంతర ఆయన చేతుల్లో పెట్టింది.