తొమ్మిదేళ్ళ పాస్‌వర్డ్

చింతామణి విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ల పని చూసే వినుత ల్యాప్‌టాప్ బ్యాగు సర్దుకుంటుంటే, ఎదురు టేబులు దగ్గర సులోచనమ్మ అందరి పాస్‌వర్డులు రాసుకున్న పాత నోటుబుక్కు పట్టుకొని కూర్చుంది.

“మండికల్ ఆఫీసుకు పోతాండావా?”

“అవునక్కా. ఆడ గూడా ఇట్లే చేయల్ల. ఒక్కసారి లాగిన్ అయితే హాజరీ, స్టాకు, బిల్లులు అన్నీ తెరుచుకుంటాయి. ఇంక నీ బుక్కుతో పని లేదు.”

“నాతోనూ లేదను. పొద్దున్నే అందరూ నా టేబులు కాడికే వస్తాండిరి. ఇప్పుడు నీ చుట్టూ తిరుగుతాండారు, గోడౌను శ్రీరామయ్యతో సహా.”

“ఆయన పాస్‌వర్డు ఎన్నాళ్ళకోసారి మారుస్తాంటివక్కా?”

“తొమ్మిదేండ్లుగా ఒకటే. మార్చనే లేదు.”

“మరి దినామూ వచ్చి అడిగేవాడంట గదా?”

“మతిమరుపు మనిషి. అడిగి, నా ఫ్లాస్కులో కాఫీ తాగి పోయేవాడు.”

“నేను పెట్టిచ్చిన కొత్త పాస్‌వర్డు ఒక్క తూరికే నోటికొచ్చేసింది ఆయనకు!”

ఆ మాటకు సులోచనమ్మకు చురుక్కుమంది. బుక్కు సొరుగులో పెట్టేసింది.

“నువ్వు పో తల్లీ, బస్సు తప్పిపోతాది. నువ్వు లేకుంటే మళ్ళా నా దగ్గరికే వస్తాడులే.”

వినుత పదిరోజులకు తిరిగొచ్చింది. శ్రీరామయ్య మాత్రం ఆ పదిరోజుల్లో గానీ, ఆ తర్వాత గానీ సులోచనమ్మ టేబులు దగ్గరికి మళ్ళీ రాలేదు; రావడానికి ఆయనకు సాకేదీ మిగల్లేదు.