రెండో రీలు ముందు

అబ్బే, మీరు చేసింది నూటికి నూరుపాళ్లూ కరెక్టేనండి అయ్యగారూ! నేను కాదన్నానా ఎక్కడన్నా? అసలదొక సినిమాయేనా? ఒక బాతు, ఒక ఒంటె, వెనకాల కదలని నాలుగు కొండలు. దాన్ని ఏటేటా క్రిస్మస్‌కి చర్చి ముందు తెర కట్టి ఆడించడం, ఊరు ఊరంతా చాపలు చంకన పెట్టుకుని రావడం. సిగ్గుండాలి మాకు.

వందనాలండి. కోపంలో చెప్పడం మర్చిపోయాను. కోపం కాదు లెండి, సంతోషం. ఈ ఏడు తెర వెనకాల మన గొంతులు వద్దు, అదే బొమ్మల సినిమా తెలుగు మాటలతో మంచి ప్రింటు దొరికింది, దాన్నే వేసేద్దామని మొన్న ఆరాధన అయ్యాక చెప్పారు చూడండి, అప్పట్నుంచీ ఆ సంతోషంతో నాకు అన్నం సయించడం లేదు.

కూర్చోమంటారా? కూర్చుంటాను. స్కూలు నుంచి తిన్నగా ఇటే వచ్చాను. పిల్లల మీద అరిచీ అరిచీ బేబి టీచరు గొంతు బొంగురుపోయిందని మీరే అన్నారుగా. బాతుకి అదే గొంతు కావాలండి. మీకు తెలీదు, మీరు రాజమండ్రి నుంచి మొన్న వేసంకాలంలోనే వచ్చారు.

నిన్న మధ్యాహ్నం మీరు గ్రూపులో పెట్టిన లింకు నొక్కి మొత్తం చూశాను. ఆహా, ఏం రంగులండీ! మా సీడీలో బాతు తెల్లటిదో పసుపచ్చటిదో పోల్చుకోవడం కష్టం. మీ దాంట్లో శుభ్రంగా కనబడుతోంది, ఒక సీన్లో తెలుపు, పక్క సీన్లో పసుపు! అంటే తప్పు మా సీడీది కాదన్నమాట, గీసిన మహానుభావుడిదే. ఒంటె పరిగెత్తేటప్పుడు కాళ్లు చూశారా? మూడే. బాలయేసుని చూడ్డానికి జ్ఞానులు ముగ్గురు బయల్దేరతారు, ఎడారి దాటేసరికి నలుగురు. ఆ నాలుగోవాడెవడండీ, దార్లో లిఫ్టు అడిగాడా? ఇంక ఆ బాతు తల్లి ఉందే, సినిమా సగంలో మాయం. ఎవరూ వెతకరు, ఎవరూ ఏడవరు.

అయినా ఒంటె కళ్లు చూశారా? ఆ రెప్పలు? బాతు మాట్లాడుతుంటే తల కిందికి దించి, చెవొగ్గి, అలా వింటుంది... సరే, పోనివ్వండి. చెత్త సినిమా.

బాతుకి గొంతు ఎవరు ఇచ్చారండీ? ఎవరో పట్నం పిల్ల. ప్రతి మాటకీ గారాలు పోతుంది. ఎండలో ఎడారి నడుస్తున్న బాతు అలా మాట్లాడుతుందా? ఒంటెకి పెట్టిన ఆయన మరీ ఘోరం, వార్తలు చదువుతున్నాడు.

నవ్వకండి. మాది మాత్రం ఏం గొప్పని కాదు. అసలు మాది మొదలవడమే తప్పుతో మొదలైంది.

ఎవరూ చెప్పలేదా మీకు? నా చిన్నప్పుడు మిషను ఆసుపత్రి దొరసానిగారు వాళ్ల దేశం వెళ్లిపోతూ ఇచ్చిపోయారండి, రెండు రీళ్లు, ఒక ప్రొజెక్టరు. అందులో మాటలు ఏ భాషో ఎవరికీ అంతుపట్టలేదు. మా నాన్నగారు వీరాస్వామి గారు అప్పట్లో ఇక్కడ వాక్యం చెప్పే ఉపదేశి. "భాషదేముందండీ, బొమ్మ చూసి మనమే చెప్పేద్దాం" అన్నారట. సౌండు కట్టేయించి, తెర వెనకాల మైకు పట్టుకుని, బాతూ ఆయనే, ఒంటే ఆయనే, హేరోదు రాజూ ఆయనే.

ప్రొజెక్టరు తిప్పిన పల్లంరాజు ఏం చేశాడో తెలుసా? రెండో రీలు ముందు వేసేశాడు!

దీపాలార్పగానే బాతు బెత్లెహేములో ఉంది. పశువులపాకలో బాలయేసు ముందు నిలబడి ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకొచ్చింది? తెలీదు. కాసేపటికి ఒంటె జ్ఞానులతో కలిసి వాళ్ల దేశం వెళ్లిపోతోంది, బాతు ఒక్కర్తీ నిలబడి చూస్తోంది, అయిపోయింది. జనం బిక్కమొహాలేసుక్కూచున్నారు. అప్పుడు పడింది మొదటి రీలు. అందులో బాతు వాళ్లింట్లో నిద్ర లేస్తోంది.

మా నాన్నగారు తడుముకోలేదండి. "పిల్లలూ, ఇందాకటి దాకా మీరు చూసిందంతా బాతుకొచ్చిన కల!" అనేశారు మైకులో. కలలో ఒంటె తనని వదిలేసి వెళ్లిపోయిందని బాతు బెంగపడి లేచిందిట. లేచి గుమ్మంలోకొస్తే ఒంటె అక్కడే ఉందిట. ఇద్దరూ కలిసి బాలయేసు దగ్గరికి బయల్దేరారుట. తెర మీద చివరికి ఇద్దరూ కలిసి నడుచుకుంటూ పోతున్నారు, జనం ఒకటే చప్పట్లు.

మరుసటి ఏడు పల్లంరాజు బుద్ధిగా మొదటి రీలు ముందు ఎక్కించబోతే సంఘ పెద్దలు చెయ్యి పట్టుకున్నారు. కథ పాడైపోతుందిట! తర్వాత పాలకొల్లు స్టూడియోలో సీడీ చేయిస్తుంటే అక్కడాయన కూడా అడిగాడు, "వరస తిరగబడిందండీ, సరిచేయనా?" అని. "మా ఉపదేశిగారు చెప్పింది తప్పంటావా?" అని ఆయన మీద ఇంతెత్తున లేచారు. అదీ మా సంఘం.

అందుకే నిన్న, మొట్టమొదటిసారి, మీ ధర్మమా అని సరైన వరసలో చూశాను. చివరికి విడిపోతారండి! నిజం సినిమాలో విడిపోతారు. ఒంటె ఇసకలో చిన్నదైపోయి, చుక్కంతైపోయి, ఇంక లేదు. బాతు ఒక్కర్తీ ఉంది. మీ పట్నం పిల్ల "వెళ్లొస్తావు కదూ" అని గారాలు పోయింది. ఇంత వయసొచ్చి, ఫోను ఒళ్లో పెట్టుకుని, బాతు కోసం ఏడ్చానండి నేను. మంచి ప్రింటు కదా, కన్నీళ్లు కూడా స్పష్టంగా వచ్చాయి.

నాన్నగారికి ఓపిక తగ్గాక మైకు మా ఇద్దరికీ ఇచ్చారు. నాకు బాతు, మా అన్నయ్య జీవరాజుకి ఒంటె. మెడ కూడా సరిపోయింది లెండి ఆయనకి.

ఏంటీ? ఆ, వచ్చేసిందా ఆ సంగతి మీ దాకా. నూకరత్నమేనా చెప్పింది? అవునండి, మాట్లాడుకోం. ఏం, మాట్లాడుకోకపోతే ప్రభువు భోజనంలో రొట్టె ఇవ్వరా నాకు?

ఎందుకో కూడా వినండి, మీరే తీర్పు చెప్పండి. అన్నయ్య వాళ్లమ్మాయి పెళ్లి. నేను సొంత మేనత్తని. మూడు వీధుల అవతల నా ఇల్లు. మా అన్నయ్యగారు నన్నెలా పిలిచారనుకున్నారు? వాట్సాప్‌లో! అదన్నా విడిగా నాకా? కాదు, ఫ్యామిలీ గ్రూపులో. గులాబీలు విచ్చుకుంటూ, పావురాలు ఎగురుతూ, కింద "అందరూ తప్పక విచ్చేయగలరు". అందరూనా? నేను అందర్లో ఒకదాన్నా? బండేసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "బేబీ, పిల్ల పెళ్లే, పద" అంటే అరిగిపోతాడా? పైగా ఎవరో అడిగితే ఏమన్నాడుట? "నీలం టిక్కులు పడ్డాయిగా, చూసిందిగా" అన్నాడుట! చూశాను. చూస్తే పిలిచినట్టా?

వెళ్లలేదు. పిలవలేదని నాకు, రాలేదని ఆయనకి. ఆరేడేళ్లయింది. ఎదురుపడితే ఆయన కరెంటు స్తంభం కేసి చూస్తాడు. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడుగా, స్తంభాలంటే మమకారం.

మరి సినిమా ఎలా అంటారా? అదేనండి చెబుతున్నాను. తెర వెనకాల రెండు కుర్చీలు, రెండు మైకులు. ఆయన రావడం, కూర్చోవడం, నా మొహం చూడకుండా గొంతు సవరించుకోవడం. బొమ్మ పడగానే మాట్లాడతాడు. "చలేస్తోందా పిల్లా? నా చాటున నడు, గాలి నాకు తగుల్తుంది" అంటాడు. నాన్నగారి మాటలే అవి. అయినా నాకే కదండీ చెప్పేది?

పోయినేడు నాకు ఒకటే దగ్గు. సీన్ మధ్యలో ఆపుకోలేకపోయాను. తెర మీద ఒంటె మామూలుగా నడుస్తోంది, మైకులో మాత్రం "ఆ దగ్గేంటి? ఎన్నాళ్లనుంచి? డాక్టరుకి చూపించుకున్నావా?" అంది. నాన్నగారు నేర్పని మాటలవి. నేనూ బాతు గొంతుతోనే "వారమైంది, మిరియాల పాలు తాగుతున్నా" అన్నాను. "పాలు తాగితే పోదు, చూపించుకో" అన్నాడు. పిల్లలంతా పకపకా నవ్వారు, అదీ కథలోదే అనుకుని. నేను మర్నాడే వెళ్లి చూపించుకున్నాను. వస్తూంటే ఎదురుపడ్డాడు. మళ్లీ స్తంభమే.

అంటే ఏడాదికోసారండి. ఏడాదికోసారి మా అన్నయ్య నాతో మాట్లాడతాడు, ఒంటెగా. ఆ మాత్రం దానికి మూడు కాళ్లున్నా, నాలుగో జ్ఞాని వచ్చినా నాకేం ఇబ్బంది లేదు.

మొన్న భీమవరంలో ఆయన గుండెకి స్టెంటు వేశారట. నాకెవరు చెప్పారనుకున్నారు? చేపలు తెచ్చే వీరదుర్గ. గుమ్మంలో బుట్ట దించి, కట్టమోసుల ధర చెప్పి, ఆ తర్వాత చెప్పింది. తోడబుట్టినదానికి చేపల తర్వాత తెలిసిందండి ఆ కబురు.

వెళ్లలేదా అంటారేంటి? పిలవని పెళ్లికే వెళ్లలేదు, పిలవని ఆసుపత్రికి వెళ్తానా? ఆసుపత్రికి ఎవరూ పిలవరా? తెలుసండి, నాకు తెలీదా? చీర మార్చుకుని బస్టాపు దాకా వెళ్లాను. భీమవరం బస్సు వచ్చింది, ఆగింది. ఎక్కబోయాను కూడా. వాళ్లావిడ గుమ్మంలోనే నన్ను చూసి, "ఇప్పుడొచ్చావా" అంటే ఏం చెప్పను? కండక్టరు రెండుసార్లు అడిగాడు. ఇంటికొచ్చేశాను.

సరే, క్రిస్మస్ ఎంతో దూరం లేదుగా, అప్పుడడుగుదాం అనుకున్నాను. ఒంటె మూడు కాళ్లతో పరిగెత్తి వచ్చి ఆయాసపడుతుంది చూడండి, అక్కడ. "ఒంటన్నా, ఆయాసం తగ్గిందా? మందులు వేళకి వేసుకుంటున్నావా? ఉప్పు మానేశావా?" అని. వంట చేస్తూ కూడా అనుకుంటున్నాను, ఎక్కడ అడగాలి, ఎంత పొడుగు అడిగితే సీన్‌లో సరిపోతుంది అని. భయంతో చస్తున్నానండి నేను. ఆయనకేమన్నా అయితే ఆఖరికి మా మధ్య మిగిలేది ఆ నీలం టిక్కులే. సరిగ్గా ఈలోగా మీకు మంచి ప్రింటు దొరికింది.

వేసుకోండి. నాకేం. తళతళలాడే సినిమా, వరస తప్పని సినిమా. నేను ముందు వరసలో కూర్చుని చూస్తాను, ఆయన మగవాళ్ల వైపు కూర్చుని చూస్తాడు. ఇంటికి పోతాం.

ఏంటండీ, నవ్వుతారేంటి?

పొద్దున్నా? ఎవరు, జీవరాజా? ఇక్కడికా, మీ దగ్గరికా? ఎందుకూ? సినిమా గురించా? ఏమన్నాడు? చెత్త అన్నాడా! తనకి ఏమీ అభ్యంతరం లేదన్నాడా? ఆహా. బాతు అసలు బాగా మాట్లాడదన్నాడా? నేనా? నేను బాగా మాట్లాడనా? దాని సంగతి దానికే తెలీదు, దగ్గుతూ ఉంటుంది, అయినా ఊళ్లో పిల్లలు అలవాటుపడిపోయారు కాబట్టి పాతదే ఉంచమన్నాడా? పిల్లల కోసమా! ఎంత ప్రేమండీ పిల్లల మీద.

నడిచొచ్చాడా? అంత దూరం? ఎవరన్నా తోడున్నారా? మెట్లెక్కాక ఆయాసపడ్డాడా? మొహం ఎలా ఉంది, పీక్కుపోయిందా? మందులు...

వద్దు. వద్దులెండి, మీరు చెప్పకండి అయ్యగారూ. ఆ రెండో మైకు పోయినేడు గరగరలాడింది, అది బాగుచేయించండి చాలు. నేనే అడుగుతాను.